అప్పుల జాబితాలో లేని పేరు

2022 ఫిబ్రవరి. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో, బట్టల దుకాణాల వెనక సందులో నా టెంట్ హౌస్. ముందు ఒక గది, వెనక రేకుల గోదాం. కరోనాతో రెండేళ్లు శామియానాల మడతలు విప్పలేదు. రెండు పరదాలు ఎలుకల పాలయ్యాయి. ఆ నెలలోనే పెళ్లిళ్లు మళ్లీ ఊపందుకున్నాయి. నాకు అప్పటికి యాభై ఆరేళ్లు, ఈ పనిలో పన్నెండేళ్లు.

టెంట్ హౌస్ అంటే చాలామందికి కుర్చీలు, శామియానా గుర్తుకొస్తాయి. నా వ్యాపారానికి ప్రాణం వంట సామాను. అన్నానికి పెద్ద దేగులు, కూరలకు బగోనలు, పప్పుకు గంజులు, చేతికి గంటెలు. అందులో సగం మా పుట్టింటివి, రాగివీ ఇత్తడివీ. వాటికి ఏటా లోపల తగరపు కలాయి పూయించాలి. పూత పోయిన రాగి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగుతుంది, తిన్నవాళ్లకు వాంతులు. కొత్తవాళ్లకు స్టీలు చాలు. కానీ బోధన్, వర్ని దిక్కు పాత వంటవాళ్లు రాగి దేగు చూస్తే ఇంకో రెండు వందలు ఎక్కువైనా పర్వాలేదంటారు, అన్నం అడుగంటదని.

మాది వర్ని దిక్కున ఒక పటేల్ ఇల్లు. మా తాతగారి కాలంలో చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా గిన్నెలు మా ఇంటి నుంచే పోయేవి. కిరాయి అనే మాటే లేదు. కోర్టు కేసులకూ విందులకూ భూములు కరిగిపోయాయి. పంపకాల రోజున మా అన్నలు మిగిలిన చెరుకు తోట పంచుకుని, ఆడపిల్లకు గిన్నెల అర్ర చాలన్నారు. నేను తలవంచలేదు, వాదించలేదు. రెండు లారీల్లో గిన్నెలు వేసుకుని నిజామాబాద్ వచ్చాను. కొన్నాళ్లకు మా ఆయన పోయారు. అప్పుడు ఆ గిన్నెలతోనే దుకాణం తెరిచాను. ప్రతి గిన్నె అంచు మీద మా తాతగారి పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. దానితో కిరాయి వ్యాపారం చేయడం నాకు మొదట్లో మింగుడుపడలేదు. ఎవరైనా ‘ఎంత దొరసానీ’ అని అడిగితే ‘మీ ఇష్టం’ అనేదాన్ని. నోటితో రేటు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ రాదు, నాకూ రాలేదు.

ఇంకో అలవాటు చెప్పాలి. మా దిక్కు పెళ్లిళ్లలో బంధువులిచ్చే కట్నాలు మైకులో పేరుపేరునా చదువుతారు. వర్ని చుట్టూ ఊళ్లలో మొదటి చదివింపు మా ఇంటి పేరు మీద ఉండాలని పాత రివాజు. మా నాన్నగారి తర్వాత అది నేను మోశాను. ఐదు వేల నూట పదహార్లు, పైన కొత్త చీర కట్టుకుని పోవడం, ఆటోను పొద్దంతా ఆపుకోవడం. నా సామానే కిరాయికి పోయిన పెళ్లికి కూడా అట్లాగే పోయి, కిరాయికి వచ్చినదానికంటే ఎక్కువ చదివించి వచ్చేదాన్ని. ఇదెక్కడి వ్యాపారమని ఒక్కనాడూ నాకు తోచలేదు.

అప్పు అట్లా అయింది. వ్యాపారంలో నష్టం వచ్చి కాదు. కిరాణా దుకాణంలో ధర అడగకుండా ఉద్దెర రాయించడం, హోటల్లో పక్క బల్లవాళ్ల చాయ్ పైసలు కూడా నేనే ఇవ్వడం, క్రెడిట్ కార్డు మీద చీరలు, కార్డు కట్టడానికి బ్యాంకులో పర్సనల్ లోన్, లోన్ కిస్తీ కట్టడానికి ఒక ఫైనాన్సు. కరోనా రెండేళ్లలో మిత్తి మీద మిత్తి పడింది. డైరీ వెనక పేజీలో జాబితా రాసి పెట్టుకున్నాను. బ్యాంకు, కార్డు, ఫైనాన్సు, మా చిన్నన్న. నాలుగు కలిపితే ఆరు లక్షల ఇరవై వేలు. ఫైనాన్సు కిస్తీలు మూడు తప్పాయి. ఉగాదిలోగా బకాయి కట్టకపోతే నోటీసు అన్నారు.

కట్టే దారి ఒక్కటే కనిపించింది. ధర్మాబాద్ దిక్కు నుంచి వచ్చే ఒక పాత లోహాల శేఠ్ మా రాగి గిన్నెలన్నీ తూకానికి కొంటానన్నాడు. మరాఠీ కలిపిన తెలుగులో, ‘బాయీ, మొత్తం ఒక్క లాట్ ఇయ్యండి, ఒక్క దినంలో రొక్కం’ అన్నాడు. గిన్నెలు పోతే దుకాణం లేదు. గిన్నెలు ఉంచుకుంటే ఫైనాన్సు ఊరుకోదు. ఉగాది దాకా గడువడిగాను.

ఆ రోజుల్లోనే కరుణమ్మ వచ్చింది. ఆమె అసలు పేరు వేరు.

కరుణమ్మ నాకు కొత్త కాదు. ఫంక్షన్ నుంచి గిన్నెలు తిరిగి రాగానే లెక్కపెట్టి దించుకుంటాం. దాన్ని రిటర్న్ కౌంటింగ్ అంటాం. ఆ తర్వాత వాటిని తోమించాలి. పెళ్లివాళ్లు పైపైన కడిగి పంపుతారు, మసి అట్లాగే ఉంటుంది. దూరపు ఊళ్లలో అయితే విందు దగ్గరే తోమించి తెస్తాం. ఆ పనికి ఐదుగురు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చేది కరుణమ్మ. వర్ని దగ్గర కాలువ కింది ఊరు. మెథడిస్టు చర్చి కుటుంబం. వాళ్ల అవ్వ మా ఇంట్లో గిన్నెలు తోమేది. ఎప్పుడూ గోదాం వెనక తలుపు నుంచి వచ్చే మనిషి ఆ రోజు ముందు తలుపు నుంచి వచ్చి, కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

“కిరాయికి సామాన్ గావాలె దొరసానీ” అంది. “వచ్చే ఆదివారం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక. నూట ఇరవై మంది.”

ఆ చర్చివాళ్లలో ఏదైనా మేలు జరిగితే దేవునికి కృతజ్ఞత చెప్పి పదిమందికి అన్నం పెట్టే పద్ధతి ఉంది. కొడుకుకు ఉద్యోగం వచ్చిందా, కూతురికి కాన్పు అయిందా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పు తీరిందట. నాలుగేళ్లు పట్టిందట. అందుకు కూడిక.

నాకు నవ్వొచ్చింది. అప్పు తీరినందుకు విందా అనుకున్నాను. పైకి మాత్రం పెద్ద మనసుతో, “నీకు కిరాయేంది కరుణమ్మా? మీ అవ్వ మా ఇంటి మనిషి. ఏం గావాల్నో తీస్కపో” అన్నాను.

“వద్దు దొరసానీ.”

“ఎందుకు వద్దు?”

“మా అవ్వ ఉట్టిగ తోమింది. నేను పైసలకు తోముతున్న. ఇప్పుడు పైసలిచ్చి తీస్కపోత” అని నా మొహంలోకి చూసింది. కోపం లేదు. “మీరు ఉట్టిగ ఇస్తే గది గూడ బాకే గద. బాకీ తీరిందని స్తోత్రం చెప్తందుకు కూడిక పెట్టి, గా బువ్వ వండిన గిన్నెలే బాకీ అయితే దేవుడు నవ్వడా?”

నాకు తల కొట్టేసినట్టయింది. మా గిన్నెలను ఎవరూ వద్దనలేదు అంతవరకు. సరే, నీ ఇష్టం వచ్చినంత ఇయ్యి అన్నాను. ఆమె దానికీ ఒప్పుకోలేదు. ఇష్టం కాదు, రేటు చెప్పమంది. దేగుకు ఎంతో నాకే తెలియదు. పన్నెండేళ్ల వ్యాపారం, నా దగ్గర ఒక రేట్ కార్డ్ లేదు. చివరికి ఆమే పట్టణంలోని వేరే టెంట్ హౌస్‌ల రేట్లు చెప్పింది. అందరి గిన్నెలూ తోముతుంది కాబట్టి అందరి రేట్లూ తెలుసు. దేగుకు రెండు వందల యాభై, బగోనకు వంద, ప్లేటుకు మూడు రూపాయలు. సామాను మోసే ట్రాలీ కిరాయి తొమ్మిది వందలు విడిగా రాయించింది. ఒక గంటె తక్కువైనా సరిపోతుందని కొట్టేయించింది. మొత్తం రెండు వేల ఆరు వందల నలభై. వెయ్యి అడ్వాన్స్ కట్టి, కాగితం మీద సంతకం చేయించుకుని మడిచి బొడ్లో దోపుకుంది.

ఆమె పోయాక అవమానం అనిపించింది. మంచిది, ఆదివారం పోయి మా ఇంటి మర్యాద ఏమిటో చూపిస్తాను అనుకున్నాను.

ఆదివారం కొత్త చీర కట్టుకుని, కవరులో ఐదు వేల నూట పదహార్లు పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని పోయాను. ఆ డబ్బు ఫైనాన్సు కిస్తీకని పక్కన పెట్టినదే. వాళ్ల ఇంటి ముందు సందులో దర్రీలు పరిచారు. పాస్టర్ గారు వాక్యం చదివారు, పాటలు పాడారు. నన్ను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. తర్వాత కరుణమ్మను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు తనకు చేసిన మేలును పదిమంది ముందు చెప్పడాన్ని వాళ్లు సాక్ష్యం అంటారు.

ఆమె మైకు పట్టుకుని, ఏ సంకోచమూ లేకుండా అప్పు సంగతి చెప్పింది. వారం వారం కిస్తీ కట్టే ఫైనాన్సు గ్రూపులు మూడు. లక్షా ఎనభై వేలు. దేనికి చేసిందో కూడా చెప్పింది. భర్తకు ఫోను, మనవరాలి పుట్టినరోజుకు ఫ్లెక్సీ, దావత్, ఎవరో కొన్నారని ఫ్రిజ్. అందరూ ఎరిగినవాళ్లే కూర్చున్నారు. ఫలానా వాళ్ల గ్రూపులో తీసుకున్నానని వాళ్ల వైపు చెయ్యి చూపించి మరీ చెప్పింది.

“మనం చర్చికి పిడికెడు బియ్యం దీస్తం గద” అంది. “ఎసట్ల బియ్యం వొయ్యకముందే తీస్తం. తిన్నంక మిగిలినయి తీస్తమంటే ఎన్నడన్న మిగిలినయా? నేను కూలి పైసలు గూడ గట్లనే దీసిన. చేతుల వడంగనే ఒక పిడికెడు అప్పుకు. మిగిలినదాంట్లనే బతికినం.”

మా ఇంట్లో అప్పు సంగతి తలుపులేసుకుని మాట్లాడుకునేవాళ్లం. మైకులో నేను నా జన్మలో విన్నవి ఎవరెంత ఇచ్చారన్న అంకెలే. తానెంత బాకీ పడిందో ఒక మనిషి మైకులో చెప్పడం, విన్నవాళ్లు చప్పట్లు కొట్టడం మొదటిసారి చూశాను. నా చేతిలోని కవరు బరువెక్కింది. అయినా ఇవ్వకుండా వెనక్కి తేవడం నాకు రాదు.

భోజనాలయ్యాయి. కరుణమ్మ కోసం చూస్తే ఇంటి వెనక బోరింగు దగ్గర ఉంది. తన ఇంటి విందుకు తానే గిన్నెలు తోముతోంది. పక్కన ఆమె జట్టు ఆడవాళ్లు ఐదుగురూ ఉన్నారు. నేను పోయి కవరు చాపాను. ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని అందుకుంది.

“ఎంత పెట్టిన్రు దొరసానీ?”

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. “ఎంతుంటే ఏంది, పెట్టుకో” అన్నాను.

“ఐదు వేల నూట పదహార్లే గద. మీ ఇంటి లెక్క మారదు.”

గిన్నెల దగ్గర ఒకామె నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. ఏమిటా నవ్వని గట్టిగానే అడిగాను. ఆమె తల దించుకుంది. కరుణమ్మే చెప్పింది.

“తప్పు వట్టకుండ్రి. మేం పెండ్లిలల్ల గిన్నెల కాడ కూసుంటే మైకు ఇనవడ్తది. కిరాయి ఎంతయిందో ఈమెకు ఎర్క, సదివింపు ఎంతయిందో నేనింట. రెండు గలిపి సూస్తే, దొరసాని కిరాయి తీస్కుంటున్నదా, ఇచ్చిపోతున్నదా సమజ్ గాదు. పన్నెండేండ్ల సంది గదే మాకు నవ్వులాట.”

పన్నెండేళ్లు. వేదిక మీద నేను మా ఇంటి గౌరవం నిలబెట్టి వస్తున్నానని అనుకుంటుంటే, వెనకాల గిన్నెల దగ్గర అది పరాచికంగా నడుస్తోందన్నమాట.

ఆమె కవరు విప్పి, ఐదు వందల నోట్లు ఏడు, వంద నోటు ఒకటి తీసుకుంది.

“కరోనాకు ముందు బోధన్ల రెండు పెండ్లిళ్లు, రుద్రూర్ల ఒకటి, వర్నిల ఒకటి. నాలుగింటికి తోమిన కూలి మాకు రావాలె. ఆరుగురం. మూడు వేల ఆరొందలు. ఇవి మావి.” మిగిలిన నోట్లు, చిల్లర కవరులో పెట్టి నా చేతికిచ్చింది. “పదిహేను వందల పదహారు. ఇవి మీవి.”

ఆ కూలి సంగతి మర్చిపోయానా అంటే మర్చిపోలేదు. ఎక్కడికి పోతుంది, ఇద్దాంలే అనుకున్నాను.

“అడగొచ్చు కదా” అన్నాను చివరికి.

“రెండుసార్లు అడిగిన దొరసానీ. ‘మా ఇంటి మీద నమ్మకం లేదా’ అన్నరు. లేదని ఎట్లంట? ఊకున్న.”

నిజమే. ఆ మాట అన్నాను. ఎంత ధీమాగా అన్నానో కూడా గుర్తొచ్చింది. అయితే ఇంకా నువ్వు నాకివ్వాల్సిన కిరాయి బాకీ ఈ కూలి డబ్బులో చెల్లు వేసుకుందామన్నాను, ఏదో ఒకటి సర్దుకుపోదామని. ఆమె ఒప్పుకోలేదు. ఈ డబ్బు ఆరుగురిది, కిరాయి తన ఒక్కదానిది, అది సామాను దించినప్పుడు ఇస్తానంది. అక్కడే ఆరుగురికీ ఆరు వందల చొప్పున పంచేసింది. నవ్విన ఆమె కూడా తీసుకుని, నోట్లు కళ్లకద్దుకుంది.

ఆటోను లెక్క చూసి పంపేసి, తిరుగుదారిలో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా వరి నాట్లు, అక్కడక్కడా చెరుకు బండ్లు. ఇంటికి పోయి డైరీ తీశాను. బ్యాంకు, కార్డు, ఫైనాన్సు, చిన్నన్న. ఎన్నిసార్లు చూసుకున్నా ఆ జాబితాలో కరుణమ్మ పేరు లేదు. కాగితాలు చూపించి బెదిరించగలిగినవాళ్ల బాకీలే నాకు బాకీలుగా కనిపించాయి. మైకులో పేరు రావడానికి ఐదు వేలు ఇచ్చిన చెయ్యి, మసి తోమిన చేతులకు నూట యాభై రూపాయలు ఇవ్వకుండా రెండేళ్లు తిప్పింది. ఆ కరోనా కాలంలో ఆమె తన అప్పు తీర్చుకుంటూ నా కూలి కోసం కూడా ఎదురుచూసింది. నా బాకీ వల్ల ఆమె అప్పు ఎన్ని వారాలు ఆలస్యంగా తీరిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మర్నాడు సామాను వచ్చింది. రిటర్న్ కౌంటింగ్‌లో ఒక్క గ్లాసు కూడా షార్టేజ్ లేదు. ఇవ్వాల్సింది ఎంత అని ఆమె అడిగింది. ఎప్పటిలా ‘ఉండనీ’ అనబోయి ఆగాను.

“వెయ్యి ఆరు వందల నలభై” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె లెక్కపెట్టి ఇచ్చింది. నేనూ లెక్కపెట్టి తీసుకున్నాను. అప్పుడు ఆమెను చాయ్ తాగమని కూర్చోబెట్టి, నా డైరీ తీసి నాలుగు పేర్లూ చదివాను. ఎందుకు చదివానో తెలియదు. బయటి మనిషికి నా అప్పు చెప్పడం అదే మొదలు. శేఠ్ గిన్నెలన్నీ అడుగుతున్నాడని కూడా చెప్పాను.

ఆమె గోదాంలోకి పోయి గిన్నెలన్నీ ఒకసారి చూసి వచ్చింది. మా తాతగారి రాగి గంగాళం ఒకటి మూలన ఉంది. అరవై కిలోల పైమాట. నలుగురు ఎత్తాలి. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా కిరాయికి పోలేదు. దుకాణానికి వచ్చినవాళ్లకు చూపించడానికే ఉంది.

“దీన్ని నేను ఎన్నడు తోమలే” అంది కరుణమ్మ. “నేను తోమని గిన్నె మీకు కూడు వెట్టదు దొరసానీ. దీన్ని ఇచ్చేయుండ్రి. తోమేటియి ఉంచుకోండ్రి.”

ఇంకో మాట కూడా చెప్పింది. దానివల్లే దుకాణం నిలిచింది. నేను రేటు చెప్పకపోవడం మర్యాద అనుకున్నాను కదా. బయట మరోలా ఉందట. “రేటు జెప్పకుంటే గరీబోళ్లు మీ మెట్లెక్కరు. దొరసానికి ఎంతియ్యాల్నో తెల్వక భయపడి వేరే దుకాణానికి పోతరు” అంది. నా మొహమాటం వాళ్లకు భారం.

ఆ వారమే శేఠ్‌ను పిలిచాను. ఒక్క గంగాళమే అని తెలిసి మొహం మాడ్చుకున్నాడు. అంచు మీద పేరు ముందే అరగదీయించనా అని అడిగాడు, పాపం మర్యాదకే. వద్దన్నాను. తూకం దగ్గర నిలబడి చూశాను. కళ్లు తిప్పుకోలేదు. ఆ డబ్బుతో ఫైనాన్సు మూడు కిస్తీల బకాయి ఉగాదికి ముందే కట్టాను. రేట్ కార్డ్ రాయించి గోడకు పెట్టాను. వర్ని, రుద్రూర్ నుంచి చిన్న ఫంక్షన్లు రావడం మొదలైంది. బారసాలలు, గృహప్రవేశాలు, చర్చి కూడికలు. వాటిలో ఒక్కోదాని మీద వచ్చేది తక్కువే కానీ నెలంతా వస్తాయి. అడ్వాన్స్ చేతిలో పడగానే, డీజిల్‌కు కూడా తీయకముందే, ఒక పిడికెడు అప్పుకు తీసేదాన్ని. కార్డు బ్యాంకులో తిరిగి ఇచ్చేశాను. కిరాణా దుకాణంలో పప్పు ధర అడిగితే దుకాణదారుడు తలెత్తి, నేనేనా అని మళ్లీ చూశాడు. చీర నచ్చితే ఆ రోజు కొనకుండా ఇంటికి వచ్చేసేదాన్ని. వారం తర్వాత కూడా అది గుర్తుంటే పోవడం. సగం చీరలు రెండో రోజుకే మర్చిపోయేదాన్ని.

అన్నింటికంటే కష్టమైంది మే నెలలో బోధన్ దగ్గర ఒక చెరుకు రైతు ఇంటి పెళ్లి. సామాను నాదే. చదివింపుల వేళ మైకు మనిషి పుస్తకం తెరిచి నా వైపు చూసి ఆగాడు. మొదటి పేరు మాది కదా. ముందుకు పోనియ్యమని చేత్తో సైగ చేశాను. అతనికి అర్థం కాక ఇంకాసేపు ఆగాడు. తర్వాత వేరెవరో మేనమామ పేరు చదివాడు. నేను నూట పదహార్లు రాయించాను. పదిహేడో పేరుగా వచ్చింది. నా వెనక కూర్చున్న ఎవరో, ‘పటేల్ ఇల్లు ఆగమైందట’ అన్నారు. విన్నాను. వీపు నిటారుగానే పెట్టుకుని భోజనం చేసి వచ్చాను. ఆ రాత్రి ఏడ్చానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు.

మూడేళ్లు పట్టింది. మా చిన్నన్న బాకీ అన్నింటికంటే ముందు తీర్చాను, ఎందుకంటే ఆయన ఒక్కసారీ అడగలేదు. తర్వాత ఫైనాన్సు, కార్డు. బ్యాంకు వాళ్లు లోన్ క్లోజ్ అయిందని కాగితం ఇచ్చిన రోజున నేరుగా గోదాంకు వచ్చాను. కరుణమ్మ వాళ్లు ఆ రోజు రెండు పెళ్లిళ్ల గిన్నెలు తోముతున్నారు. కాగితం చూపించాను. ఆమె చదవలేదు, చేతులు తడిగా ఉన్నాయి.

“అయితే కూడిక ఎన్నడు దొరసానీ?” అంది.

మాకు కూడికలు లేవన్నాను. అయితే దావత్ అన్నా ఉండాలి కదా అని పక్కామె. ఉంటే కిరాయి ఎవరిస్తారు అన్నాను. అందరం నవ్వాం. వాళ్లతో కలిసి నవ్వడం అదే మొదటిసారి. పన్నెండేళ్లు నా మీద నవ్వినవాళ్లు, నాలుగు మాటలు మొహం మీద చెప్పినవాళ్లు, మా ఇంటికి నేనెరిగినంతలో వాళ్లకంటే ఎక్కువ మేలు ఎవరూ చేయలేదు. బంధువులెవరూ నా తప్పు నాకు చెప్పలేదు. చెబితే నేను విననని వాళ్లకు తెలుసు. వెయ్యి ఆరు వందల నలభై రూపాయల బిల్లు కట్టడానికి వచ్చిన ఒక కస్టమరు చెప్పింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. కుర్చీలు ఏ రకం కొనాలి, దేగులు ఎన్ని ఉండాలి అని అడుగుతారు. అవన్నీ చెబుతాను. చివరన ఒకటి అడుగుతాను, మీ అప్పుల జాబితా చూపించండని. బ్యాంకు ఉంటుంది, మామగారు ఉంటారు, శామియానాలమ్మిన వ్యాపారి ఉంటాడు. గిన్నెలు తోమేవాళ్లు ఉండరు. అప్పుడు వాళ్లను వెనక గోదాంలోకి తీసుకుపోయి, మా పద్ధతి చూపిస్తాను. తోమిన గిన్నెలు బోర్లించి, వాటి నీళ్లు ఇంకా కారుతుండగానే కూలి లెక్కపెట్టి చేతిలో పెడతాం. ఆ తర్వాతే నేను నా అన్నం డబ్బా తెరుస్తాను.